ఇచ్చిన జబ్బు

ఏడో బెడ్డు ఆవిడ నాడి డెబ్భై ఆరు. ఏంజెల్ ఆ అంకెను అరచేతిలో పెన్నుతో రాసుకుని ఎనిమిదో బెడ్డు దగ్గరికి జరిగింది. గంజి పెట్టిన కొత్త తెల్ల యూనిఫాం కదిలినప్పుడల్లా గరగరమంటోంది. నర్సింగులో చేరి ఐదు వారాలైంది. ఇన్నాళ్లూ క్లాసులో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నేర్చుకోవడమే తప్ప వార్డులో అడుగుపెట్టడం ఇవాళే మొదలు. ఆ మాటకొస్తే ఈ వార్డు తాళం తీయగా చూడటం కూడా ఇవాళే.

గన్నవరం వెళ్లే హైవే పక్కన కాలేజీ, దాని వెనకే ఆసుపత్రి. ఆసుపత్రి లేని నర్సింగు కాలేజీకి గుర్తింపు ఇవ్వరు. రోగులు లేనిదాన్ని ఆసుపత్రి అనరు. కాబట్టి తనిఖీ వాళ్లు వచ్చే రోజున రోగులు కూడా వస్తారు. పొద్దున్న ఏడింటికే మూడు వ్యాన్లలో దిగి, కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, ఎవరి బెడ్డు వాళ్లు ఎక్కేశారు. పాపం ఏంజెల్ మొదట నిజమే అనుకుంది. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నా జబ్బేందో ఇంకోసారి చెప్పమ్మా, మర్సిపోయా" అని అడిగాక సంగతి అర్థమైంది.

వార్డు సిస్టర్ జ్ఞానేశ్వరి ఒక్కొక్కరి కాళ్ల దగ్గర కేస్‌షీటు తగిలిస్తూ, ఎవరి జబ్బు వాళ్ల చేత ఒప్పజెప్పించుకుంటూ వెళ్లింది. షీట్లలో మూడు రోజుల జ్వరాలూ బీపీలూ ముందే రాసి ఉన్నాయి. మూడు డ్యూటీల వాళ్లు రాసినట్టు కనబడాలని మూడు రంగుల పెన్నులు వాడారు. ఇవాళ్టి గడి ఒక్కటే ఖాళీగా ఉంది. అది మొదటి సంవత్సరం పిల్లలు నింపాలి.

ఎనిమిదో బెడ్డు మీద ఉన్నది శౌరమ్మ. కూచిపూడి పక్కన పల్లెటూరు. అరవై దాటి ఉంటాయి. నలభై ఏళ్లు నాట్లు వేసిన నడుం కనుక పడుకున్నా పరుపుకు తిన్నగా ఆనడం లేదు. గోళ్ల చుట్టూ బురద నలుపు చర్మంలోనే కలిసిపోయింది. అరికాళ్ల పగుళ్లు దుప్పటి దారాలను పట్టి లాగుతున్నాయి. నాట్లకు కూలీలను తోలే మేస్త్రీ బసవయ్యే వీళ్లను ఇక్కడికీ తోలుకొచ్చాడు. పొలం పని లేని రోజుల్లో ఇదో పని. శౌరమ్మ రావడం ఇది నాలుగోసారి.

"పోయినేడు నాకు కామెర్లు," అంది గొప్పగా. "మా కోడలికైతే కాన్పు బెడ్డిచ్చారు. పక్కలో ఎవరి బిడ్డనో పండబెడితే, మొగపిల్లోడని మురుసుకుంది పిచ్చి మొహంది."

ఏంజెల్‌కు నవ్వొచ్చింది. ఆ రోజంతటికీ ఆమె నవ్వింది అప్పుడే.

"మాట్లాడకుండా పడుకో మామ్మా. నాడి చూడాలి."

"పండుకుంటే తోచట్లేదే తల్లీ. పగటేళ మంచమెక్కటం నాకలవాటు లేదు."

నిమిషం నిండా లెక్కపెట్టాలని క్లాసులో చెప్పారు. ఏంజెల్ గోడ గడియారం చూస్తూ ఆ మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి నిలబడింది. శౌరమ్మ తన చేతి మీద ఉన్న ఆ వేళ్లను వింతగా చూసుకుంది.

"మెత్తగా ఉంది నీ చెయ్యి. పొలం పనికెళ్లలా ఎప్పుడూ?"

"లేదు. మా అమ్మ ఎల్లనియ్యలేదు."

"మంచి పని చేసింది మీ అమ్మ."

ఏంజెల్ తల్లి సంపూర్ణమ్మ బెజవాడలో ఒక ఆసుపత్రిలో ఆయా. ఇరవై రెండేళ్లుగా నేల తుడుస్తూ బెడ్‌పాన్లు కడుగుతూ కూతురిని ఇంటరు దాకా లాక్కొచ్చింది. కూతురు మొదటిసారి యూనిఫాం వేసుకున్న రోజున దాన్ని ముట్టుకోబోయి, ముందు చేతులు చీరకు రెండుసార్లు తుడుచుకుంది.

నాడి నూటనాలుగు. బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టి వదిలితే, ముల్లు రెండు వందల పది దగ్గర ఉండగానే చెవిలో దడదడ మొదలైంది. నూట ఇరవై దాకా దిగితే గానీ ఆగలేదు. తప్పు చూశానేమోనని మళ్లీ చూసింది. రెండో చేతికి కట్టి చూసింది. అవతలి వరసలో ఉన్న తన క్లాసుమేటు స్టెల్లాను పిలిచి చూడమంటే, ఆమె కూడా అదే అంకె చెప్పి కళ్లు పెద్దవి చేసింది.

"నీకు తలనొప్పిగా ఉందా మామ్మా?"

శౌరమ్మ అటూ ఇటూ చూసి, చుట్ట వాసన తగిలేంత దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "మూణ్ణాళ్ల నుంచీ పగిలిపోతంది. ఎడం చెయ్యి తిమ్మిరెక్కుతంది గూడా. మా ఆయనా ఇట్టాగే తలనొప్పి తలనొప్పంటా కళ్లంలోనే కూలబడ్డాడు. కానీ పైకి చెప్పకూడదుగా. తలనొప్పి ఆ తొమ్మిదో బెడ్డు అమలమ్మకిచ్చారు. నాకిచ్చింది కడుపునొప్పి."

ఏంజెల్ పరుగులాంటి నడకతో సిస్టర్ దగ్గరికి వెళ్లింది. జ్ఞానేశ్వరి చెడ్డ మనిషి కాదు. ఎనిమిదేళ్ల కిందట ఇదే వార్డులో ఇలాంటి షీట్ల మీదే చదువుకుంది. బత్తాయిలకు సూది గుచ్చి ఇంజెక్షను నేర్చుకుంది. ఏంజెల్ చెప్పింది విని, మందుల బీరువా తలుపు సగం తెరిచి చూపించింది.

"ఇవన్నీ ఖాళీ అట్టపెట్టెలే. రెండొందల పది అని రాశావనుకో, ఏం మందిచ్చారంటారు. డాక్టరెప్పుడు చూశాడంటారు, ఈసీజీ ఏదంటారు. ఏం చూపిస్తావ్? మీ బ్యాచ్ అరవై మందికీ ఏడాది పోద్ది. నూట ముప్పై బై ఎనభై రాయి. వాళ్లు వెళ్లగానే డాక్టరుగారికి చూపిద్దాం."

"అప్పటిదాకా ఆమెకేమన్నా అయితే, మేడమ్?"

"పడుకునే ఉందిగా," అంది జ్ఞానేశ్వరి. కానీ ఏంజెల్ మొహంలోకి చూడలేదు.

ఏంజెల్ రాసింది. ఎనిమిదో బెడ్డు షీటులో ఇవాళ్టి గడిలో 130/80 వేసి, కింద పొట్టి సంతకం చేసింది. నర్సుగా షీటు మీద ఆమె మొట్టమొదట రాసింది అదే. అబద్ధం రాసింది. రాయడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. పట్టనందుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

పదకొండున్నరకు తనిఖీ వాళ్లు వచ్చారు. కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ ఒక్కో బెడ్డూ చూసుకుంటూ ఎనిమిదో దగ్గర ఆగింది.

"ఏం బాధమ్మా నీకు?"

"కడుపునొప్పండి. మూడ్రోజుల నుంచండి," అంది శౌరమ్మ తడుముకోకుండా. చెయ్యి మాత్రం నుదుటి మీద ఉంది.

"మరి తల పట్టుకున్నావే?"

శౌరమ్మ గబుక్కున చెయ్యి తీసి పొట్ట మీద వేసుకుంది. "ఇక్కడేనండి," అంది, పాఠం తప్పిన చిన్నపిల్ల కంగారుతో.

పెద్దావిడ ఏంజెల్ వైపు తిరిగింది. "బీపీ ఎంతుంది?"

చెప్పడానికి ఒక్క క్షణం దొరికింది. బీపీ మిషన్ అక్కడే బల్ల మీద ఉంది. ఒక్కసారి చూడండి మేడమ్ అంటే సరిపోయేది. ఆ క్షణంలో ఏంజెల్‌కు కాలేజీ ఇనప బీరువాలో ఉన్న తన పదో తరగతి, ఇంటరు ఒరిజినల్ సర్టిఫికెట్లు గుర్తొచ్చాయి. మధ్యలో మానేసిన పిల్లలు తమవి తెచ్చుకోలేక కాలేజీ చుట్టూ తిరుగుతున్న సంగతి గుర్తొచ్చింది. తల్లి చేతులు గుర్తొచ్చాయి.

"నూట ముప్పై బై ఎనభై, మేడమ్."

"నువ్వే చూశావా?"

"నేనే చూశాను, మేడమ్."

పెద్దావిడ కాగితం మీద టిక్కు పెట్టి తొమ్మిదో బెడ్డుకు వెళ్లిపోయింది. అక్కడ అమలమ్మ తలనొప్పిని ఎంతో చక్కగా చెప్పింది.

తనిఖీ వాళ్లు భోజనాలకు ప్రిన్సిపాల్ గదికి వెళ్లగానే ఏంజెల్ డాక్టరు గదికి పరుగెత్తింది. కుర్చీ ఖాళీగా ఉంది. తెల్లకోటు కుర్చీకి వేలాడుతోంది. కోటు కాలేజీది, డాక్టరు ఆ పూటకు డబ్బులకు వచ్చి వెళ్లినవాడు. బయటికి వచ్చి 108కి ఫోన్ చేద్దామనుకుంది. ఎక్కడికి రావాలమ్మా అని అడుగుతారు. ఆసుపత్రికి రండి, ఆసుపత్రిలో పేషెంటును ఆసుపత్రికి తీసుకెళ్లండి అని చెప్పాలి. ప్రిన్సిపాల్ గది తెరల అవతల నుంచి నవ్వులు వినబడుతున్నాయి. ఫోను చేతిలోనే ఉండిపోయింది.

మూడింటికి వ్యాన్లు వచ్చాయి. మెట్లు దిగుతుంటే శౌరమ్మ ఎడమ కాలు పట్టు తప్పింది. అమలమ్మ రెక్క పట్టుకుని నడిపించి ఎక్కించింది. ఏంజెల్ మేస్త్రీ దగ్గరికి వెళ్లింది.

"బసవయ్యగారూ, ఈ మామ్మని దార్లో ఎక్కడన్నా ఆసుపత్రిలో చూపించండి. చాలా ప్రమాదంగా ఉంది."

"ఇప్పుడు ఆసుపత్రి నుంచేగా తల్లీ తీసుకెళ్తంది," అన్నాడు బసవయ్య. ఎగతాళికి అనలేదు, నిజంగానే అయోమయంగా చూశాడు.

శౌరమ్మ వ్యాను కమ్మీకి తల ఆనించుకుని ఉంది. "నాకేం కాలేదులే," అంది. మాట ముద్దగా వచ్చింది. "కాస్త కునుకు తీస్తే తగ్గుద్ది. నువ్వు బాగా చదూకో."

వ్యాను వెళ్లిపోయింది. ఏంజెల్ దాని నంబరు చూసింది గానీ గుర్తు పెట్టుకోలేదు.

నాలుగున్నరకు జ్ఞానేశ్వరికి ఫోను వచ్చింది. పెట్టేశాక పక్కనున్న బెడ్డు మీద కూర్చుండిపోయింది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ దాటేసరికే శౌరమ్మ పలకడం మానేసిందట. నిద్రపోతోందనుకుని ఎవరూ లేపలేదు. కంకిపాడు దగ్గర టీకి ఆపినప్పుడు చూస్తే పోయి ఉంది.

"వ్యాన్లో పోయింది. మన బెడ్డు మీద కాదు," అంది జ్ఞానేశ్వరి తనలో తాను అనుకుంటున్నట్టు. కాసేపటికి లేచి ముఖం కడుక్కుని వచ్చింది. "తనిఖీ వాళ్లు షీట్లకి జిరాక్సులు కావాలన్నారు. అన్నిటికీ డిశ్చార్జి రాసెయ్యండి."

ఏంజెల్ ఏడో బెడ్డుకు రాసి, ఎనిమిదో బెడ్డుకు రాసింది. కడుపునొప్పి తగ్గినది. ఆరోగ్యం బాగున్నందున ఇంటికి పంపడమైనది. చేతిరాత గుండ్రంగా, చక్కగా వచ్చింది. ఏడుపు రాలేదు. ఇక మీదట కూడా రాదేమో, తాను ఇలాగే పై క్లాసులకు వెళ్లి ఇలాగే నర్సు అయిపోతుందేమో అని పట్టలేనంత దిగులు ముంచుకొచ్చింది.

సంపూర్ణమ్మ తన డ్యూటీ దిగి ఫోన్ చేసింది.

"ఎంతమందికి చూశావే బీపీ?"

"పన్నెండు మందికి."

"అందరూ బాగున్నారా?"

"బాగున్నారమ్మా."

"ప్రభువుకు స్తోత్రం," అంది తల్లి సంతోషంగా.

దుప్పట్లూ దిండ్ల గలీబులూ తీసి, మళ్లీ తనిఖీ వచ్చేదాకా బీరువాలో పెట్టమన్నారు. స్టెల్లా అటు నుంచి, ఏంజెల్ ఇటు నుంచి మొదలుపెట్టారు. ఎనిమిదో బెడ్డు దిండు పట్టుకుని గలీబు విదిలిస్తే లోపలి నుంచి ఏదో జారి పరుపు మీద పడింది. సగం కాల్చి ఆర్పిన చుట్ట. ఒక కొసన నుసి, ఇంకో కొసన పంటిగాట్లు, ఇంకో పూట కాల్చుకోవడానికి సరిపడా మిగిలి ఉంది.