దిగి నడిపిస్తే సున్నా

కింద కంకర కుదురుగా లేక లెక్కలక్క స్టూలు మూడోసారి జరిపింది. కాపలా లేని ఆ రైల్వే క్రాసింగు పక్కన కూర్చుని, ఒళ్ళో పట్టిక పెట్టుకుని వచ్చేపోయే బళ్ళకి గీతలు గీస్తోంది. లారీకి ఒకటి, సైకిలుకి సగం, నడిచే మనిషికి సున్నా. పన్నెండు గంటల్లో మూడువందలు దాటితేనే గేటు పెడతారు. రెండు సర్వేలు తప్పాయి; ఇదీ తప్పితే ఫైలు మూసేస్తారు. రెండేళ్ళలో ఇక్కడ ముగ్గురు రైలు కింద పడి చనిపోయారు. వాళ్ళకి పట్టికలో గడి లేదు.

ఫోను మోగింది. భర్త.

"టీ వడగట్టేది ఎక్కడ పెట్టావ్?"

"స్టౌ పక్కన, మేకుకి. కాస్త తలెత్తితే మీ ముక్కుకే తగులుతుంది."

ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఆమె రోజూ వెతికిపెట్టినవి రెండే: దారిన పోయే బళ్ళు, ఇంట్లో ఆయన వస్తువులు.

పాలతను పట్టాల ముందు సైకిలు దిగాడు. పట్టాల మధ్య చెక్కలు ఊడి గోతులు పడ్డాయి. అందరూ దిగే దాటుతారు. దిగి నడిపిస్తే రూలు ప్రకారం అది సైకిలు కాదు, నడిచే మనిషే.

"తొక్కుకుంటూ పోరాదూ నాయనా?"

"పళ్ళూడితే నువ్వు కట్టిస్తావా అక్కా?"

దారి ఎంత పాడైతే లెక్క అంత తగ్గుతోంది! ఒళ్ళుమండి ఇంజనీరుకి ఫోను చేసింది.

"రూలు మార్చడానికి నేనెవర్నమ్మా? లెక్కగీత దాటేటప్పుడు ఎలా ఉంటే అలా రాయండి."

లెక్కగీత! అలవాటు కొద్దీ పట్టాల అంచునే సుద్దతో గీసింది. అక్కడే గీయాలని ఏ రూలూ అనలేదు.

"ఇన్నేళ్ళూ ఈ బుర్ర ఏ గట్టున పెట్టానో!" అని తన్ను తానే తిట్టుకుంటూ, మోకాళ్ళు పట్టుకుని లేచింది. ముప్పై అడుగులు వెనక్కి నడిచింది. అక్కడ ఇంకా అందరూ తొక్కుతూనే ఉన్నారు. అక్కణ్ణించి పట్టాలవైపు తప్ప వేరే దారి లేదు. కొత్త గీత గీసి, పాత పట్టిక చింపి, పొద్దున ఏడింటికి మళ్ళీ మొదలుపెట్టింది.

సాయంత్రం ఏడింటికి మూడువందల పదకొండున్నర.

గేటు రావడానికి ఏడాది పట్టింది. అప్పటికి ఆమె పోయి నాలుగు నెలలు. నిద్రలోనే, పక్కనున్న మనిషిని కూడా లేపకుండా.

ఆమె సామాను తీసుకెళ్ళమని ఆఫీసు కబురు పంపితే భర్త బయల్దేరాడు. క్రాసింగు దగ్గర గేటు పడింది. పక్కనే పాలతను సైకిలు మీంచి కాలు కింద పెట్టి విసుక్కున్నాడు.

"ఇంతసేపు నిలబెట్టేస్తే ఎలాగండీ? ఎవరు పెట్టించారో ఈ గేటు!"

రైలు వెళ్ళాక గేటు లేచింది.

ఆఫీసులో ఆమె బల్ల కింద రబ్బరు చెప్పులు మాత్రం మిగిలాయి. ఎడమదాని అడుగున ఒక కంకరరాయి ఇరుక్కుని ఉంది.