అత్తయ్య అడిగిన దయ్యం కథ

"ఈ వయసులో దయ్యాల పుస్తకాలేంటి నీకు? నలుగురూ వింటే నవ్విపోతారు," అన్నాడు మా ఆయన, నేను తన చొక్కాకి గుండీ కుడుతుంటే.

దారం కొరికి చొక్కా చేతికిచ్చాను. ఆ చొక్కా గుడ్డ ఎంచింది నేనే. మాది కర్టెన్లు, దుప్పట్లు అమ్మే కొట్టు. బోర్డు మీద ఆయన పేరుంటుంది, గల్లా దగ్గర ఆయనుంటాడు. టోకు వ్యాపారుల దగ్గరికి వెళ్ళి సరుకు చూసి తెచ్చేది మాత్రం నేను. కొనేవాళ్ళు "మీ ఆయన సెలక్షన్ బాగుంటుందండీ" అని నాతోనే చెబుతారు. నవ్వి, గుడ్డ కొలిచి చింపుతాను. ఇంట్లోనూ ఎంపికంతా నాదే. అత్తయ్య పళ్ళకి మెత్తగా ఉడికే కూర, మా ఆయన మెడకి సరిపడే దిండు, వచ్చేవాళ్ళకి పెట్టే కప్పులు. ఇన్ని ఎంచినా అందులో నాకంటూ ఎంచుకునేది ఒక్కటే: వీధి చివర అద్దె పుస్తకాల షాపులో తర్వాతి దయ్యాల నవల. మధ్యాహ్నం కొట్టు మూసి, భోజనాలయ్యి, గిన్నెలు తోమి, మళ్ళీ షట్టర్ ఎత్తేలోపు మిగిలే కాసేపే దానికి.

అందుకే ఆ ఎంపికలో మోసపోవడం నాకు ఇష్టముండదు. గుడ్డ తానులో పై మడత ఎప్పుడూ బాగానే ఉంటుంది. కొనేవాడు చూస్తాడని తెలుసు కాబట్టి అమ్మేవాడు అక్కడ మచ్చ ఉండనివ్వడు. చెయ్యి లోపలికి పెట్టి మధ్య మడత లాగి చూడాలి. పుస్తకమూ అంతే. మొదటి పేజీ నేనసలు చూడను. నడిమికి తెరిచి, నిలబడే రెండు పేజీలు చదువుతాను. షాపు నడిపే ఆవిడా నేనూ రచయితలకి పేర్లు కూడా పెట్టుకున్నాం. ఒకాయన నెత్తురు మాస్టారు. పేజీకో బక్కెట్టు పోస్తాడు, మొదటి ఉతుక్కే రంగు దిగిపోయే సరుకు. ఇంకొకాయన తలుపులాయన. కిర్రుమనే తలుపు తప్ప ఆయన ఇంట్లో వేరే సామానుండదు. ఒకావిడ మాత్రం ఉంది, మేం గదులావిడ అంటాం. ఎక్కడా అరుపుండదు. మూసిన గది ఒకటి చూపించి, దాని పక్కనే కథలో ఆడదాన్ని కూర్చోబెట్టి కూరగాయలు తరిగిస్తుంది. ఆవిడ పుస్తకం దొరికితే నాకు వారమంతా ఒంట్లో హుషారుగా ఉంటుంది.

భయపడి హుషారేంటని మా ఆయన అడుగుతాడు. మామూలు నవలల్లో ఆడది ఓర్చుకుంటుంది, చివర్లో అందరూ ఆమెని మెచ్చుకుంటారు. ఓర్చుకోవడం నాకు ఇంట్లో ఉన్నదే, అద్దెకి తెచ్చుకోవడం దేనికి? దయ్యాల నవలలో ఆడది "ఈ ఇంట్లో ఏదో తేడాగా ఉంది" అంటుంది. "నీ భ్రమ" అంటాడు మొగుడు. చివరికి ఆమె చెప్పిందే నిజమవుతుంది. అది చదివినప్పుడల్లా గుండెల మీంచి బరువేదో దిగుతుంది నాకు.

అత్తయ్యకి చూపు తగ్గాక నిద్ర కూడా తగ్గింది. దానికి కారణం నా పుస్తకాలే అని ఇంట్లో తేలింది. "ఆ అట్టల మీద బొమ్మలు చూస్తే రాత్రి నాకు కన్ను మూతపడట్లేదు," అంది ఆవిడ. బొమ్మలు కనబడే చూపు ఆవిడకెక్కడిదని నేనడగలేదు. మా ఆయన తీర్పు చెప్పాడు. "ఇక నుంచి పుస్తకాలు నేను తెస్తాను. ఇంటికి మంచివి. నువ్వు చదవడం కాదు, అమ్మకి చదివి వినిపించాలి."

నా కాసేపూ పోయింది, నా ఎంపికా పోయింది. ఆ రోజు కొట్టులో ఒకామెకి కిటికీ కొలత తప్పు రాశాను. నేనెప్పుడూ అలా రాయను.

మర్నాడు మా ఆయన పుస్తకం పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. "షాపావిడ్ని అడగను కూడా లేదు. నేనే ఎంచాను. చూడు ఎంత చక్కగా ఉందో." అట్ట మీద పచ్చటి దీపం వెలుగు, ఉయ్యాల, పక్కన నవ్వుతున్న తల్లి. చేతిలోకి తీసుకుని చూశాను. గదులావిడ కొత్త నవల! ఎప్పుడడిగినా ఎవరో ఒకరు తీసుకెళ్ళారని చెప్పేవారు. ఆ నవ్వుతున్న తల్లే దయ్యమని షాపావిడ నాకు ముందే చెప్పింది. గుడ్డ సంగతి తెలియనివాడు కొన్నట్టే తెచ్చాడు మా ఆయన, పై మడత చూసి.

బేరంలో అవతలివాడు మనం అనుకున్నదానికంటే తక్కువకి తనంతట తానే దిగొస్తే ముఖంలో ఏమీ కనబడనివ్వకూడదు. "బాగుందండీ," అన్నాను.

కానీ అత్తయ్యకి వినిపించాలి కదా. నాలుగు పేజీల్లో దొరికిపోతాను. ఆవిడ మంచం పక్కన కుర్చీ వేసుకుని, దయ్యం అని ఉన్న చోటల్లా చుట్టం అని చదవడం మొదలుపెట్టాను. మేడ మీద చుట్టం తిరుగుతోంది. ఉయ్యాల దగ్గర చుట్టం నిలబడింది. అత్తయ్య కళ్ళు మూసుకుని వింటోంది. కాసేపటికి చెయ్యి ఎత్తింది.

"అమ్మాయ్, ఆగు. ఆ చుట్టం వచ్చిన దగ్గర్నుంచీ మెతుకు ముట్టలేదేంటి?"

"ఉపవాసమేమో అత్తయ్యా."

"మరి తలుపు తీసిన చప్పుడే లేదు. గోడలోంచి వస్తోందా?"

నేను పేజీ తిప్పాను.

"దయ్యమేనా?"

"దయ్యమే అత్తయ్యా."

"దయ్యాన్ని పట్టుకుని చుట్టమంటావేంటే! నేనేమన్నా చంటిపిల్లనా? మొదట్నుంచి చదువు. ఉన్నదున్నట్టు చదువు."

ఉన్నదున్నట్టు చదివాను. ఆ వారమంతా నేను గిన్నెలు తోమి చేతులు తుడుచుకునేదాకా కూడా ఆగేది కాదు ఆవిడ, "నానబెట్టి రా, అవెక్కడికీ పోవు" అని పిలిచేది. కథలో ఆమె తన మొగుడితో, మేడ మీద ఎవరో ఉన్నారని చెబుతుంది. నీ భ్రమ, పడుకో అంటాడు. అక్కడ అత్తయ్య మళ్ళీ చెయ్యి ఎత్తింది. ఈసారి ప్రశ్న అడగడానికి కాదు.

"రెండో కాన్పప్పుడు," అంది, "లోపల కదలిక ఆగిందని చెప్పాను. మీ మామగారికి చెప్పాను, మా అత్తగారికి చెప్పాను. నీ భ్రమ అన్నారు. పనెగ్గొట్టడానికి అన్నారు. రెండు రోజులు నీళ్ళు మోశాను, లోపల అలాగే పెట్టుకుని."

ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం. మా ఆయనకి ఇంకొకరు తోడుండాల్సిందని నాకెవరూ చెప్పలేదు. నేను పుస్తకం మూసి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "మూయకు," అంది. "ఆమె మాట ఎప్పుడు నమ్ముతారో చూద్దాం."

ఆఖరి పేజీలో నమ్మారు. అత్తయ్య గట్టిగా ఊపిరి వదిలి, గోడ వైపు తిరిగి పడుకుంది. మా ఆయన వచ్చి చూసేసరికి గురక పెడుతోంది.

"చూశావా, మంచి పుస్తకమైతే నిద్ర ఎలా పడుతుందో! రేపు ఇలాంటిదే ఇంకోటి తెస్తాను," అన్నాడు.

గురక ఆగింది. "నువ్వు తేవద్దురా," అంది అత్తయ్య అటు తిరిగే. "కొట్టులోకి గుడ్డ ఎంచేది తను. పుస్తకం ఎంచడానికి నువ్వెందుకు? దయ్యాలదే తెమ్మని నేనే చెబుతున్నాను."

మా ఆయన నా వైపు చూశాడు. బేరంలో నా ధర చెప్పాక ఒక్క రూపాయి కూడా కదలని రోజుల్లో పెట్టే ముఖమే పెట్టాను.

మర్నాడు పుస్తకాల షాపుకి బయల్దేరుతుంటే అత్తయ్య పిలిచి, తనకెలాంటిది కావాలో చెప్పింది. రచయితలకి మేం పెట్టిన పేర్లు నా దగ్గర విని ఆవిడకీ అలవాటయ్యాయి. నెత్తురు మాస్టారు వద్దట. తలుపులాయన పరవాలేదట. "ఆమె చెప్పగానే, మొదట్లోనే నమ్మేవాళ్ళున్నది ఏదైనా ఉందేమో చూడవే."

షాపావిడ అరలన్నీ చూసి నవ్వేసింది. "అలా నమ్మితే మొదటి పేజీలోనే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతారు కదండీ, ఇక కథెక్కడుంటుంది?"

నేనూ నవ్వాను. రెండు నవలలు నడిమికి తెరిచి చూసి తీసుకున్నాను. ఒకటి చదివి వినిపించడానికి, ఒకటి నాకు. ఇంటికొచ్చి షాపావిడ అన్న మాట అత్తయ్యకి చెప్పాను, ఆవిడా నవ్వుతుందని.

అత్తయ్య నవ్వలేదు. మంచం మీద పక్కకి జరిగి నాకు చోటిచ్చింది.

"కథ లేకపోతే పోనీయవే. ఆ ఒక్క పేజీ ఎక్కడన్నా ఉంటే, అదే చదివి వినిపించు."