చెయ్యెత్తినవాడిదే మోత

మా ఊరి బొమ్మరైళ్ల సంఘంలో ఒక నియమం ఉంది. ఏ వస్తువు ఎవరు ప్రతిపాదిస్తే దానికి వాళ్లే కాపరి. ఎప్పుడో ఒక పెద్దమనిషి రైలుగేటు దానంతటదే పడి లేచేలా పెడదామని అందరి చెవుల్లో జోరీగలా తిరిగి పెట్టించాడు. మర్నాటినించి పావురాల పెంపకంలో పడ్డాడు. ఆ గేటు పడిందే గాని లేవలేదు. ఆ కోపంలో రాసుకున్న నియమం ఇది. రాసుకున్నదాన్ని కొట్టేయడం మా జర్మనీ సాక్సనీవాళ్ల వంట్లో లేదు.

కాపరి అంటే పెద్ద పదవి అనుకునేరు. పాడైనప్పుడల్లా రైళ్ల బల్ల కిందికి దూరేవాడు, అంతే. మా ఆయన లోథర్ పడుచుతనంలో, "మీటలన్నీ ఒక్కచోటికి తెచ్చి నడిపే బల్ల నేను కడతా" అని చెయ్యెత్తాడు. ఆ చెయ్యి ఇంకా దిగలేదు.

పాత మేజోళ్ల మిల్లు మేడమీద ఉంటుంది వాళ్ల రైలు. మా లోయలో ఒకప్పుడు సన్నపట్టాల బండి నడిచేది. సర్కారువాళ్లు పట్టాలు పీకేస్తే వీళ్లు మొత్తం లోయని బల్లమీద మళ్లీ వేశారు. వంతెనలు, రంపపుమిల్లు, స్టేషన్ మాస్టరు కిటికీలో పూలకుండీతో సహా. పైనంతా పచ్చిక. కింద తీగల చిక్కు. ఆ చిక్కు ఎటు పోయి ఎటు వస్తుందో లోథర్‌కి తప్ప ఇంకో నరుడికి తెలీదు.

చక్కెరజబ్బు మా ఆయన వేళ్ల కొసల్లో స్పర్శని తినేసింది. పోయిన చలికాలం బల్ల కింద పడుకుని టంకం పెడుతూ, "పైన ఏదో మాడుతోంది, చూడండ్రా" అని అరిచాడట. మాడుతున్నది తన వేలే. కట్టు కట్టిన డాక్టరమ్మ నావైపు తిరిగి, "ఇంకోసారి ఇలా తెస్తే వేలు తీసెయ్యాల్సొస్తుంది" అంది. ఏదో నేనే కాల్చినట్టు. అప్పట్నించీ నాకు కావలసింది ఒక్కటే. మా ఆయన ఆ బల్ల కిందినించి బయటికి రావాలి.

అందుకే పాత మీటలబల్ల మొరాయించి, డిజిటల్‌కి మారదామని సంఘం అనుకున్నప్పుడు అందరికంటే నేనే సంతోషించాను. కొత్త యంత్రం అంటే కొత్త కాపరి.

కానీ వీళ్లకి కలకాలం ఉండేది కావాలి. ఇంజనుకో చిప్పు పెడతారు. ఒక పెట్టె పట్టాలగుండానే కబురు పంపుతుంది, ఏ ఇంజను తన నంబరు వింటే అది కదులుతుంది. ఏ కంపెనీ పెట్టె కొనాలన్నదే తగువు. ఒకటి కంపెనీ చేసి అమ్మేది, ఆ కంపెనీ మూతబడితే గతేమిటి? ఇంకోటి సొంతంగా కూర్చుకునేది, అది తెలిసినవాడు పోతే గతేమిటి? పెళ్లిళ్లు కూడా ఇంత ఆలోచించి చేసుకోలేదు వీళ్లు.

చివరికి తేల్చేద్దామని ఒక శనివారం మధ్యాహ్నం కూచున్నారు. నేను కాఫీ, మూడు పొరల గుడ్డుకేకు పట్టుకెళ్లాను. సభ్యురాలిని కాను, కేకు తెచ్చేదాన్ని.

అధ్యక్షుడు ఫోక్‌మార్ గొంతు సవరించుకున్నాడు. "మొదలెడదాం. లోథర్, నీకేమనిపిస్తోంది?"

"పెట్టె ఎప్పటికైనా చస్తుందిరా. దాన్ని చూసి కొనకూడదు" అన్నాడు లోథర్. "అది మాట్లాడే భాష చూడాలి. అన్ని కంపెనీలకీ తెలిసిన భాష మాట్లాడే పెట్టె కొంటే, అది చచ్చినా ఇంకోటి తెచ్చి తగిలించుకోవచ్చు. ఇంజన్లలో చిప్పులు అవే ఉంటాయి."

అందరూ తలలూపారు. ఇన్ని నెలల తగువు రెండు ముక్కల్లో తేలిపోయింది.

"ఇది ప్రతిపాదనేనా?" అన్నాడు ఫోక్‌మార్ కలం తీసి.

నేను బల్లకింద లోథర్ కాలు తొక్కాను.

"కాదు కాదు. ఊరికే అన్నా."

"అయితే ఎవరు ప్రతిపాదిస్తారు?"

అందరికీ కేకుమీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది. నేను రోనీ వైపు చూశాను. కుర్రాళ్లలో వాడే కంప్యూటర్లు తెలిసినవాడు. వేళ్లు బంగారం.

"రోనీ, ఇంకో ముక్క వేసుకో నాయనా."

"వద్దండీ రోస్విత గారూ. మీ కేకు తింటే చెయ్యి దానంతటదే లేస్తుందని మా ఆవిడ చెప్పి పంపింది." అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. "కవలపిల్లలండీ ఇంట్లో. నేను నిద్రపోయి ఎన్నాళ్లయిందో."

వాణ్ని ఏమనగలను? వాడి కళ్లకింద నలుపు కనిపిస్తూనే ఉంది.

"ప్రతిపాదన లేకపోతే నియమం ప్రకారం పాతదే సాగుతుంది" అన్నాడు ఫోక్‌మార్. "పాత కాపరితోనే."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను లేచి నిలబడ్డాను. "నేను ప్రతిపాదిస్తున్నా. కాపరినీ నేనే. రాసుకో."

"నువ్వు సభ్యురాలివి కావు కదా రోస్వితా."

"అయితే చేర్చుకో."

"దరఖాస్తు పెట్టు. మార్చిలో జరిగే వార్షిక సభలో చూస్తాం."

"నీ సభ తగలెయ్య! ఈయన వేళ్లు చూశావుట్రా ఎప్పుడైనా?"

ఫోక్‌మార్ తల దించుకున్నాడు. చెడ్డవాడు కాదు. మా పెళ్లిలో బాజా వాయించినవాడు. "చూశాను" అన్నాడు చిన్నగా. "నా చేతులైతే వణుకుతాయి. సూది పట్టుకోలేను. ఇక్కడున్నవాళ్లలో ఎవరి సంగతీ నీకు తెలీనిది కాదు."

నిజమే, తెలుసు. ఒకడికి కంటిపొర, ఒకడికి తుంటి, ఒకడికి మతిమరుపు. అడగడానికి నాకు మనిషి కనబడలేదు.

అప్పుడు నా పక్కన కుర్చీ కిర్రుమంది. లోథర్ చెయ్యెత్తాడు. వేళ్లకి స్పర్శ లేదుగాని, చెయ్యి మాత్రం నిటారుగా లేచింది.

"దించు" అన్నాను. "దించవయ్యా!"

"పాతదైనా నేనే, కొత్తదైనా నేనే కదా రోస్వితా. కనీసం మంచిది పెట్టి పోతాను."

మావాళ్ల పద్ధతిలో అందరూ వేళ్ల కణుపులతో బల్లని టకటకా కొట్టారు. మెచ్చుకోలు అది. రోనీ మెల్లిగా కొట్టాడు, నావైపు చూడకుండా. ఫోక్‌మార్ రాసుకున్నాడు.

లోథర్ మొహంలో వెలుగు చూశాను. మొదటి ఇంజను కదిలిననాటి పడుచువాడి మొహం. అదే నన్ను పూర్తిగా పడగొట్టింది. ఏడుస్తున్నవాడినైతే చెయ్యి పట్టి లాక్కుపోదును.

ఇంటికెళ్లే దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. ఒక్కో ఇంజను విప్పాలట, మోటారు తీగలు తెంచాలట, మధ్యలో చిప్పు అతకాలట. గోరంత చోటులో. చర్చి పక్క వాలులో రాళ్లు తడిసి ఉన్నాయి. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను.

"ఎన్నాళ్లుంటుందట ఆ పెట్టె?" అడిగాను.

"మనకంటే ఎక్కువే" అన్నాడు గర్వంగా. కాస్త ఆగి, "నీ కొత్త కళ్లద్దాలతో దగ్గరివి బాగానే ఆనుతున్నాయా?" అన్నాడు.

"ఎందుకు?"

"ఆ చిప్పు తీగలు వెంట్రుకంత ఉంటాయి. ఎరుపేదో నారింజేదో నాకు తెలీడం లేదు. నువ్వు చూసి చెబుదువుగానిలే."