సీసం లెనర్డ్ నాణెం

పాము పన్నెండేళ్ళు పగ పడుతుందంటారు. ఐవీ గారడ్‌కి ఏడేళ్ళు చాలాయి.

ఆ ఆదివారం పొద్దున ఆమె అందరికంటే ముందు వచ్చి ఊరి హాలు తలుపు తీసింది. టీ కాచే పెద్ద పాత్రలో నీళ్ళు నింపి స్విచ్ వేసింది. నలభై కప్పులు వరసగా పేర్చింది. పేరుస్తూ మధ్యమధ్య ఏప్రాన్ జేబు తడుముకుంది. జేబులో ఒక అగ్గిపెట్టె, ఒక మడత కాగితం ఉన్నాయి. ఉన్నాయని తెలుసు. అయినా చెయ్యి ఊరుకోలేదు.

మట్టిలో పాత నాణేలు వెతికే డిటెక్టర్ల క్లబ్బు పెట్టి ముప్పై ఏళ్ళయిన సందర్భం అది. డెస్మండ్ రనకల్స్‌ని జీవితకాల అధ్యక్షుణ్ణి చెయ్యాలని కమిటీ తీర్మానించింది. ఆయన ఊరి బళ్ళో చరిత్ర చెప్పి రిటైరైనవాడు. సగం ఊరు ఆయన దగ్గర బెత్తం దెబ్బలు తిన్నదే, అందుకే క్లబ్బులో అందరూ మాస్టారు అనే పిలుస్తారు. దున్నిన పొలాల్లో ఎవరికి ఏ అరిగిన బిళ్ళ దొరికినా ఆదివారం ఆయన బల్ల మీదకి రావాల్సిందే. ఆయన బొటనవేలు నాలిక మీద తడి చేసుకుని, బిళ్ళని ఒక్క రుద్దు రుద్ది, ఇది ఫలానా రాజుగారి అరపెన్నీ అనో, కోటు గుండీ అనో తేల్చేసేవాడు. తెలియదన్న మాట ఆ నోటి వెంట ఎవరూ విన్నది లేదు. పనికిరాదని తేల్చినవి బల్ల కింద ఉన్న పాత బిస్కట్ల డబ్బాలో పడేవి. ఆ డబ్బా సాయంత్రం మాస్టారితో పాటే ఇంటికి పోయేది. ఆయన వాటిని తీరిగ్గా చూసి పారేస్తాడని అందరూ అనుకునేవారు.

ఏడేళ్ళ కిందట అక్టోబరులో ఐవీ మొగుడు లెనర్డ్‌కి, బీట్‌దుంపలు తీసేసిన పొలంలో, పల్చటి బిళ్ళ ఒకటి దొరికింది. లెనర్డ్ చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు దుంపలు తూచినవాడు. పెద్దగా చదువుకోలేదు కానీ చేతికి వచ్చినదాన్ని గౌరవంగా పట్టుకునే మనిషి. గట్టు మీద కూచుని శాండ్‌విచ్ తిని, ఆ నూనె కాగితాన్నే బిళ్ళ మీద పరిచి పెన్సిలుతో మెత్తగా రుద్దాడు. కంటికి కనపడని గీతలు కాగితం మీద తేలతాయని ఎవరో చెప్పారు అతనికి. తరవాత బిళ్ళని అందులోనే చుట్టుకుని బల్ల దగ్గరికి తెచ్చాడు. మాస్టారు చూశాడు, రుద్దాడు. ఉత్త సీసం బిళ్ళ, లెనర్డ్, డబ్బాలో వేసెయ్ అన్నాడు. లెనర్డ్ వేసేశాడు. మాస్టారు అన్నాక మరి అంతే.

మార్చి నెల క్లబ్బు పత్రికలో మొదటి పేజీ మీద ఫోటో వచ్చింది. అదే పొలంలో, అంచు విరిగిన వెండి పెన్నీ, వెయ్యేళ్ళ నాటి ఎడ్మండ్ రాజుగారు బతికుండగా కొట్టించినది, చాలా అరుదు, దొరికినది డెస్మండ్ రనకల్స్‌కి. లెనర్డ్ మీటింగులో లేచి నిలబడి అది తనదన్నాడు. పెన్సిలుతో అచ్చు తీశానన్నాడు. తెచ్చి చూపించమన్నారు. ఇంట్లో సొరుగులన్నీ బోర్లించారు మొగుడూ పెళ్ళాం. కాగితం లేదు. మరుసటి ఆదివారం ఖాళీ చేతులతో వెళ్ళిన లెనర్డ్ భుజం మీద మాస్టారు చెయ్యి వేసి, తడిగా ఉన్నప్పుడు సీసం కూడా వెండిలాగే మెరుస్తుందిలే, కళ్ళజోడు మార్పించుకో అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ రోజునుంచి అతను సీసం లెనర్డ్ అయ్యాడు. మందు దుకాణంలో కూడా అదే పేరు. డిటెక్టరు షెడ్డులో పెట్టేశాడు. రెండేళ్ళకి పోయాడు. చర్చిలో మాస్టారే లేచి, మట్టిని ప్రేమించిన మంచి మనిషి అని నాలుగు ముక్కలు మాట్లాడాడు. ముందు వరసలో కూచున్న ఐవీ చేతిలో రుమాలు చినిగిపోయింది.

ఆ మరుసటి ఏడాది చలికాలంలో కుక్కని తిప్పడానికని ఆమె లెనర్డ్ పొలం కోటు వేసుకుంది. జేబుకి చిరుగు ఉంది. వేలు చిరుగులోంచి లోపలి గుడ్డలోకి జారింది. తగిలింది నూనె కాగితం. విప్పితే పెన్సిలు అచ్చు, గుండ్రంగా, ఎక్కడా విరగకుండా. మడతలో, గోటిలో సగమంత వెండి ముక్క. కాగితంలోంచి నాణెం తీసేటప్పుడు అంచు విరిగి అక్కడే ఉండిపోయింది. పాపం లెనర్డ్ చూసుకోలేదు.

అప్పుడే పరుగెత్తి ఉంటే ఏమయ్యేది? ముసలమ్మ ఎక్కడినుంచో చెత్త ఏరుకొచ్చింది అనేవాడు మాస్టారు. నాణెమేమో పట్నం మ్యూజియంలో అద్దం వెనక ఉంది. ఐవీ నోరు మూసుకుని క్లబ్బులో చేరింది. టీ పని ఒప్పుకుంది. ఇంట్లో వంటింటి బల్ల మీద లెనర్డ్ వదిలేసిన అరిగిన బిళ్ళలు రెండు వందలు పోసుకుని చదవడం నేర్చుకుంది. బిళ్ళని కాదు, దీపాన్ని తిప్పాలని తెలుసుకుంది. ముఖం అరిగినా ముక్కు ఎత్తు మిగులుతుందని, అక్షరం పోయినా దాని కాళ్ళు మిగులుతాయని, తడి వేలితో రుద్దేవాడు ఆ మిగిలినదాన్ని కూడా తుడిచేస్తాడని తెలుసుకుంది. మూడేళ్ళు పట్టింది.

ఆ చదువులోనే ఇంకో సంగతి బయటపడింది. అది తెలిసిన రోజు ఆమె అన్నం ముట్టలేదు. ఎడ్మండ్ రాజు బతికుండగా కొట్టిన నాణేల మీద శిలువ గుర్తు తరవాత నేరుగా పేరు మొదలవుతుంది. ఆయన్ని సముద్రం దాటి దండెత్తి వచ్చిన డేన్లు చంపారు. చంపినవాళ్ళ పిల్లలే ఇక్కడ స్థిరపడి, ఆయన్ని పునీతుణ్ణి చేసి, ఆయన పేరు మీద నాణేలు కొట్టారు. వాటి మీద పేరుకి ముందు ఎస్, సి అని రెండు అక్షరాలుంటాయి, పునీతుడని. నడుమ ఉండే పెద్ద అక్షరం రెండింటికీ ఒకటే. రాజు నాణేలు అరుదు. పునీతుడివి ఈ పొలాల్లో చాలామందికి దొరికాయి. అగ్గిపెట్టెలో ముక్క మీద, దీపం పక్కకి వంచితే, ఎస్ నడుమూ సి వీపూ స్పష్టంగా లేచాయి. అంటే లెనర్డ్‌కి దొరికింది గొప్ప నాణెమేమీ కాదు. ముక్క చూపిస్తే దొంగతనం రుజువవుతుంది, దాంతోపాటు నాణెం విలువా పోతుంది. ఐవీ రెండు రోజులు ఆలోచించింది. తరవాత ముక్కని దూదిలో పెట్టి అగ్గిపెట్టె మూసింది.

పదకొండు గంటలకి హాలు నిండింది. మ్యూజియం అమ్మాయి నాణేన్ని చిన్న పెట్టెలో తెచ్చి బల్ల మీద పెట్టింది. పక్కన కార్డు మీద ఎడ్మండ్ రాజు పెన్నీ, బహుశా అని ఉంది. ఆ బహుశా అన్న మాటని మాస్టారు ఏ రోజూ పైకి చదవలేదు. నెరిసిన మీసం దువ్వుకుని, ఏటా చెప్పే కథే మళ్ళీ మొదలుపెట్టాడు. వాన, బురద, చెవిలో డిటెక్టరు కూత. విరిగిన ముక్క కోసం గంటసేపు మోకాళ్ళ మీద మట్టి జల్లించాడట. దొరకలేదట.

ఐవీ టీ ట్రే కింద పెట్టింది.

"మాస్టారూ, చిన్న అనుమానం. ఆ ముక్క వేరే ఎవరి దగ్గరైనా ఉంటే?"

"ఎలా ఉంటుందమ్మా ఐవీ? అది ఆ గుంటలోనే ఉంది. ఇంకొకళ్ళ దగ్గర దొరికితే సగం మీసం గొరిగించుకుంటాను."

"కత్తెర వంటింటి సొరుగులో ఉంది," అన్నాడు వెనకనుంచి ముసలి పెర్సీ, బిస్కట్ నములుతూ. కొందరు నవ్వారు.

ఐవీ బల్ల దగ్గరికి వెళ్ళి అగ్గిపెట్టె తెరిచింది. తనకీ ఒక అరిగిన ముక్క దొరికిందని, అదేమిటో చెప్పమని అడిగింది. మాస్టారు అలవాటు కొద్దీ బొటనవేలు నాలిక మీద పెట్టుకోబోయాడు. రుద్దకుండా చూడండి అంది ఆమె. ఆయన భూతద్దం కింద పెట్టాడు. మొదట విరిగిన అంచు చూశాడు, తరవాత అక్షరాలు. మెడ మీద చర్మం ఎర్రబడి, చూస్తుండగానే పాలిపోయింది. ఎంతైనా చదవడం వచ్చినవాడు. ఎస్, సి అన్నది కళ్ళకి తెలిసిపోయింది.

అద్దంలోంచి కన్ను తియ్యకుండానే, ఆమెకి మాత్రమే వినపడేలా అన్నాడు.

"ఐవీ, నువ్వు చదివావా ఇది?"

"చదివాను."

"అయితే నీకూ తెలుసు. దీన్ని జేబులో వేసుకో. నేను పొరబడ్డానని, నాణెం లెనర్డ్‌దేనని ఇప్పుడే చెప్తాను. రాజుగారి నాణెం, మీ ఆయన పేరు, మ్యూజియంలో. ఈ ముక్క బయట పెడితే నీకూ ఏమీ మిగలదు, నాకూ మిగలదు."

ఒక్క క్షణం ఐవీకి కార్డు కనపడింది. లెనర్డ్ గారడ్, రాజుగారి పెన్నీ, నల్లటి అక్షరాల్లో. ఇది చూస్తే అతను సిగ్గుపడుతూ టోపీ తీసి చేతిలో నలుపుకునేవాడు. చర్చిలో ఈ నోరే మట్టిని ప్రేమించిన మంచి మనిషి అనడం కూడా గుర్తొచ్చింది.

ఆమె గొంతు పెంచలేదు. కానీ హాలు చివరిదాకా వినపడింది.

"చంపినవాళ్ళే పునీతుడని నాణెం కొట్టారట మాస్టారూ. మీరు చర్చిలో చేసింది అదే. నాకు మీరు కొట్టిచ్చే రాజు అక్కర్లేదు. మా ఆయనకి దొరికిందేదో అదే ఉండనీ."

అని ముక్కని మ్యూజియం అమ్మాయి ముందు పెట్టింది. పక్కనే నూనె కాగితం పరిచింది. ఆ అమ్మాయి పట్టకారుతో ముక్కని నాణెం అంచుకి చేర్చింది. తాళంలో చెవి పడ్డట్టు పడింది. గీత గీతకి కలిసింది. అమ్మాయి కాగితం మీద అచ్చు చూసింది, నాణెం చూసింది, కార్డు తీసి బహుశా అన్న మాటనీ రాజు అన్న మాటనీ కొట్టేసింది. పెన్ను పట్టుకుని, దొరికినవారి పేరు చెప్పమని అడిగింది.

"లెనర్డ్ గారడ్," అంది ఐవీ. "సీసం అని రాయక్కర్లేదు."

ఎవరూ నవ్వలేదు. మాస్టారు ఏదో మొదలుపెట్టాడు. లెనర్డ్‌కి ముక్క ఒక్కటే ముందు దొరికి ఉండొచ్చు కదా అన్నాడు. కాగితం మీద నాణెం నిండుగా ఉంది మరి అంది మ్యూజియం అమ్మాయి, మర్యాదగానే.

ఐవీ వంగి బల్ల కింద ఉన్న బిస్కట్ల డబ్బా తీసి బల్ల మీద ఠంగుమని పెట్టింది. అది దాదాపు ఖాళీ. అడుగున రెండు గుండీలున్నాయి.

"ముప్పై ఏళ్ళు దీంట్లో వేశాం," అంది. "ఎవరెవరు ఏమేమి వేశారో కాస్త గుర్తు చేసుకోండి."

పెర్సీ బిస్కట్ కింద పెట్టాడు. చర్చి పొలంలో తనకి దొరికిన పసుపుపచ్చ గుండీ సంగతేమిటి మాస్టారూ అన్నాడు, మెల్లగా, బళ్ళో కుర్రాడు అడిగినట్టు. అతని పక్కనావిడ తనకి దొరికిన సీసం ముద్ర గురించి అడిగింది. తలుపు దగ్గర ఇంకొకడు లేచాడు. కుర్చీలు ఒకటొకటిగా కిర్రుమన్నాయి.

డెస్మండ్ రనకల్స్ కోటు కోసం చెయ్యి చాచాడు. ఐవీ ఆ కోటుని కొక్కెం మీదనుంచి తనే తీసి, మడిచి, తన చేతి మీద వేసుకుంది.

"కూచోండి మాస్టారూ," అంది, ఆయన ముందు కప్పు పెడుతూ. "ఇంకా టీ అవలేదు."