కుడి కంటి నలుపు

ఆ బాతుకి కన్ను ముక్కు మీదకి జారిపోయింది, గోడ మీద బొమ్మ వేసినవాడు ఎవరో గానీ చెయ్యి మంచిదే, తొందరే ఎక్కువ, కన్ను ఒక్క వేలెడు వెనక్కి జరిపి నలుపులో చిన్న తెల్లచుక్క పెడితే చాలు, బాతు బతికిపోతుంది, అనుకుంటూ ఆమె ఆసుపత్రి కుర్చీలో సర్దుకుని కూర్చుంది, పన్నెండేళ్లుగా స్టూడియోలో ఫోటోలు దిద్దే మనిషి, ఎక్కడ కూర్చున్నా ఎదురుగా ఉన్నదాన్ని దిద్దకుండా ఉండలేదు, ఊడిన బొత్తాం పెట్టేస్తుంది, వంకర కాలరు సరిచేస్తుంది, మొటిమ కనిపిస్తే దాని అంతు చూస్తుంది, తలుపు మూసుకుని పది నిమిషాలైంది, లోపల దొరసాని మత్తులో ఉంది, దొరసాని అంటే నాలుగేళ్ల కూతురు, తాతగారు ముద్దుకి పిలిస్తే తనే ఆ హోదా ఉంచేసుకుంది, వెళ్తూ వెళ్తూ నర్సుకి జాగ్రత్తలు చెప్పి మరీ వెళ్లింది, నా కొత్త కన్ను కింద పెట్టకు, దొర్లిపోతుంది, వెతుక్కోవడం నీకే కష్టం అని, ఆ నర్సు నవ్వాపుకోలేక మాస్కు పైకి లాక్కుంది.

ఎడమ కన్ను తీసేసి ఎనిమిది నెలలు, కంట్లో పుట్టే క్యాన్సరు, పసిపిల్లలకే వస్తుంది, చాలా అరుదు, అని డాక్టరమ్మ చెప్పిన రోజు మామగారు గొంతు సవరించుకుని, అందరికీ వచ్చేది మా దొరసాని ఎందుకు తెచ్చుకుంటుందిలెండి అన్నాడు, అని బయటికెళ్లి మెట్ల మీద కూలబడ్డాడు, ఆ తర్వాత రంగు వేసిన కన్ను వచ్చింది, దాన్ని తయారుచేసే పెద్దమనిషితో ఆమె మూడుసార్లు గొడవపడింది, ఇది తేనెరంగు కాదండీ, బెల్లం రంగు, అంచున కాస్త ఆకుపచ్చ ఉండాలి, ఏదీ ఆ కుంచె ఇలా ఇవ్వండి, చివరికి ఆయన నిజంగానే ఇచ్చేశాడు, ఇప్పుడు చూసేది కుడి కన్ను, పోయినసారి అందులో కూడా ఆవగింజలో సగమంత మచ్చ కనిపిస్తే లేజరుతో కాల్చారు, అది చచ్చిందో లేదో ఇవాళ తేలిపోతుంది, చావకపోతే, లేదు, చచ్చే ఉంటుంది, ఆమెకి ఆ విషయంలో గుండె దిటవుగానే ఉంది, నిన్న ఆ ఒక్క కంటితోనే గడప అవతల పాకే చీమని చూసి దానికి కాలు కుంటి అని తేల్చేసింది పిల్ల, ఆ కన్నుకి ఏమీ కాదు, డాక్టరమ్మ చెయ్యి గట్టిది, పిల్ల ఇంకా గట్టిది, వాళ్లిద్దరి మీదా ఆమెకి బెంగ లేదు, బెంగంతా పక్క కుర్చీలో ఉన్న మనిషి గురించే.

ఫోటోగ్రాఫరు, ఆమె మొగుడు, రెండు మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు, ఇంత మనిషీ సగానికి మడిచిపెట్టినట్టున్నాడు, పెళ్లైన కొత్తలో ఆయనే ఒక పద్ధతి పెట్టాడు, నేను తీస్తాను, నువ్వు చూడు, తీసినవాడే చూసుకుంటే వాడి తప్పు వాడికి కనపడదు, అని కెమెరాలోంచి కార్డు తీసి ఆమె చేతిలో పెట్టేవాడు, మళ్లీ అచ్చయ్యి అట్టకెక్కాకే చూసేవాడు, ఎంత బాగా తీశానో చూశావా అనేవాడు, ఎంత బాగా దిద్దానో అని ఆమె అనేది, ఇద్దరూ నిజమే చెప్పేవాళ్లు, ఏరడం ఆమె, దిద్దడం ఆమె, చోటు చాలదని అసలువి తుడిచేయడమూ ఆమే, అలా దొరసాని ఫోటోలూ వచ్చాయి, బోర్లాపడ్డప్పటివి, పాకినప్పటివి, టబ్బులో కూర్చుని సబ్బు కొరికినప్పటిది, కొన్నింట్లో ఎడమ కన్ను తెల్లగా మెరిసేది, ఫ్లాషు వెలుగు పడిందిలే అనుకుంది, రోజుకి ఇరవై కళ్లలో ఎరుపు తీసే మనిషికి ఒక తెలుపు ఏమంత లెక్క, కుడి కంటి నలుపు తీసి ఎడమ కంట్లో పెట్టింది, ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, ముప్ఫై ఒకటి, తర్వాత గుర్తు చేసుకుని గుర్తు చేసుకుని లెక్కపెట్టుకుంది, పెట్టిన ప్రతిసారీ కాస్త వెనక్కి వాలి, అబ్బ, అతుకు తెలియలేదు అని మురిసిపోయింది కూడా.

చివరికి బయటపెట్టింది ఎవరంటే తమ్ముడు, ఫోటో తీస్తే తలలు నరికేసే రకం, ఫోనుతో తీసింది తీసినట్టు పంపి, అక్కా, పాప కన్నేంటి ఇలా ఉంది, పిల్లి కన్నులా, ఎవరికైనా చూపించండి అన్నాడు, ఆమెకి ఆ క్షణంలోనే కాళ్ల కింద నేల కదిలింది, ఎందుకంటే ఆ తెలుపు ఆమెకి కొత్త కాదు, మొదటిరోజు డాక్టరమ్మ అడిగింది, కంట్లో గడ్డ ఉంటే ఫోటోల్లో ఇలాగే తెల్లగా మెరుస్తుంది, ఈ తెలుపు పాత ఫోటోల్లో ఎప్పటినుంచి ఉందో చెప్పగలరా, ఆయన ఛాతీ విరుచుకుని చెప్పాడు, ఒక్కదాంట్లోనూ లేదు డాక్టరుగారూ, మాది ఫోటో స్టూడియో, ఉంటే మా కంటపడకుండా ఉంటుందా, అప్పుడు చెప్పాలి ఆమె, అప్పుడే, నోరు తెరిచింది కూడా, దగ్గొచ్చింది, దగ్గింది, అంతే, ఆ వారమంతా ఆయన ఆల్బములన్నీ నేల మీద పరుచుకుని భూతద్దంతో వెతికాడు, ఎక్కడా లేదు, అయితే నేనే, వెలుతురు పెట్టడం రాని వెధవని, ఇన్ని తీసి ఒక్కదాంట్లో పట్టుకోలేకపోయాను, ఎవడో ఫోనుతో పట్టుకున్నాడు, అని అప్పటినుంచి వచ్చినవాళ్లందరికీ అదే చెబుతున్నాడు, చుట్టాలకి, పక్కింటివాళ్లకి, పాలు పోసే ఆయనకి, చెప్పిన ప్రతిసారీ ఆమె వంటింట్లోకి వెళ్లి ఏదో ఒక గిన్నె తోముతుంది, తోమినదే తోముతుంది.

ఇవాళ చెప్పెయ్యాలి, ఆ తలుపు తెరుచుకోకముందే, ఎందుకంటే డాక్టరమ్మ వచ్చి మచ్చ చచ్చిందమ్మా అన్నాక చెబితే ఆయన ఆ సంతోషంలో పోనీలే అనేస్తాడు, ఆ పోనీలే ఆమెకి వద్దు, శుభవార్త చాటున నక్కి చెప్పేది కూడా ఒక టచప్పే, తలుపు మీద ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది, గడియారం చూస్తే పావుగంట ఉందేమో, లేదేమో, మంచినీళ్లు తాగితే బాగుండు, తాగితే మళ్లీ దగ్గొస్తుంది, వద్దు, ఏమండీ, అంది, ఆయన తలెత్తాడు, మీరు బాగానే తీశారండీ, తెలుపు పడింది, పాపకి పదోనెల వచ్చినప్పటినుంచీ పడుతూనే ఉంది, నేనే తీసేశాను, ఫ్లాషు అనుకున్నాను, ముప్ఫై ఒక్క ఫోటోల్లో తీసేశాను, అసలువి తుడిచేశాను, ఒక్క ఊపిరిలో అనేసింది, మాటల మధ్య సందు ఇస్తే తనే పారిపోతుందని ఆమెకి తెలుసు.

ఆయన లేచాడు, కిటికీ దాకా వెళ్లాడు, అటు తిరిగే నిలబడ్డాడు, వీపు చూస్తే ఏమీ తెలియలేదు, పోతే పోనీ, తిడితే తిట్టనీ, నీవల్లే కన్ను పోయింది అన్నా పడతాను, ఆ మాట ఎనిమిది నెలలుగా రోజూ తనకి తనే అనుకుంటోంది, ఇంకొకరి నోట వింటే కొత్తగా చచ్చేదేముంది, అనుకుంటుండగా ఆయన తిరిగొచ్చి ఎదురుగా నిలబడి, నెమ్మదిగా, గొంతు పెంచకుండా అడిగాడు, ఫ్లాషు అనుకున్నావు, సరే, నేనైనా అలాగే అనుకునేవాణ్ణి, మరి ఎనిమిది నెలలు నన్నొక్కణ్ణే మొయ్యనిచ్చావేంటి, చూస్తూ ఎలా ఊరుకున్నావు.

ఉన్నట్టుండి ఆమెకి అంతా తేటతెల్లమైంది, చెరిపింది తెలియక, దాచింది మాత్రం తెలిసి, ఇన్నాళ్లూ మొదటిదాని కోసం ఏడ్చింది, ఆయన అడుగుతున్నది రెండోదాని గురించి, అది కన్నుకి చేసింది కాదు, ఈయనకి చేసింది, తప్పండీ, అంది, ఇంకేం కలపలేదు, ఆయన వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు, పక్కదాంట్లోకి జరగలేదు, ఎర్రదీపం ఆరింది, డాక్టరమ్మ టోపీ తీస్తూ వచ్చి, మచ్చ చదునైపోయిందమ్మా, ప్రాణం లేదు, కన్ను శుభ్రంగా ఉంది, ఆరు వారాలకి మళ్లీ చూద్దాం, అంది, ఆ వెనకాల ఎక్కడో మత్తులోంచి తేలుతున్న దొరసాని, నా కన్నేదీ, అని నర్సుని నిలదీస్తోంది, ఆమెకి తెలుసు ఇలాగే అవుతుందని, పక్కకి తిరిగి ఆయన్ని చూసింది, ఆయన కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, మూతి వణుకుతోంది, కోపం మాత్రం అలాగే ఉంది, కనుబొమల మధ్య, పెదవి కొసన, పోలేదు, ఇంత సంతోషంలోనూ పోలేదు, ఇంటికెళ్లినా ఉంటుంది, రేపూ ఉంటుంది, ఇంకెన్నాళ్లో, పన్నెండేళ్లలో మొదటిసారి ఒక ముఖాన్ని అంతసేపు చూసినా ఆమె చెయ్యి ఎక్కడికీ కదల్లేదు, ఆ ముఖంలో తీసేయాల్సిందేమీ ఆమెకి కనపడలేదు.