తాతయ్య చేతికి రెండు కోటింగులు

మా ఆయన పెయింటరు. ముప్ఫై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల గోడలన్నిటికీ రంగులు వేస్తూ, మా వంటింటి గోడకు మాత్రం “వచ్చే నెల” అంటున్న మనిషి. ఆయనకు ఎడమ మోచేతి మడతలో తామర వచ్చింది. సీసా మూతంత గుండ్రంగా, అంచున ఎర్రగా, మధ్యలో పొట్టు రాలుతూ. వచ్చినందుకు కాదు బాధ, వచ్చిన చోటుకు. చంటిపిల్లను ఎత్తుకుంటే తల ఆనేది సరిగ్గా అక్కడే.

పక్క వీధిలో ఉండే మా అమ్మాయికి నెల రోజుల కూతురు. ఇది అంటుకునే జబ్బని, చెయ్యి పూర్తిగా మానేదాకా పిల్లను ముట్టుకోవద్దని అమ్మాయి తేల్చి చెప్పేసింది. దాంతో ఈయన రోజూ పని దిగగానే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని ఉయ్యాల పక్కన నిలబడి వచ్చేవారు. అద్దాల పెట్టెలో బొమ్మను చూసొచ్చినట్టు.

డాక్టరుగారు ఆయింట్‌మెంటు రాశారు. రోజుకు రెండుసార్లు, పల్చగా. ట్యూబు రెండు వారాలు రావాలి. మా ఇంట్లో నాలుగో రోజుకే దాని నడుము విరిగింది. రెండోది కొనడానికి వెళ్తే మందుల షాపు ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, “అక్కా, ఆయన చేతికి రాసుకుంటున్నారా, రొట్టెకు పూసుకుంటున్నారా?” అంది.

ఆ సాయంత్రం తలుపు సందులోంచి చూశాను. ఇన్నేళ్ల కాపురం తర్వాత మొగుణ్ణి దొంగచాటుగా చూడటమూ ఒక ముచ్చటే. స్నానం చేసి వచ్చారు. చెయ్యి తుడుచుకోలేదు. ఆ తడి మీదే నా పౌడరు డబ్బా బోర్లించి మడతలోకి మెత్తారు. అది లప్పమట, రంగుకు ముందు గోడ గుంతలు పూడ్చే పూత. దాని మీద ఆయింట్‌మెంటు ఒక కోటింగు. చెయ్యి ఊపి ఆరబెట్టి, ఇంకో కోటింగు. ఎర్రటి అంచు దాటి వెంట్రుకవాసి కూడా బయటికి పోకుండా ఎంత పనితనమో. ఆ పైన పొడుగు చేతుల చొక్కా. మొత్తానికి చొక్కాకు మాత్రం జన్మలో తామర రాదు.

లోపలికి వెళ్లి అడిగాను. “ఏమండీ, రంగు గోడకు ఎక్కడుండాలి?”

“పైన.”

“మరి మందు?”

ఆయన చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నారు. డిగ్రీలో చదివిన కెమిస్ట్రీని ఇన్నాళ్లూ పాలు పొంగకుండా చూడటానికే వాడాను కాబట్టి, దొరికిన అవకాశాన్ని వదల్లేదు. మన చర్మం పైపొరంతా చచ్చిన కణాలే, ఇటుకలు పేర్చినట్టు ఉంటాయని చెప్పాను. వాటి సందుల్లో సున్నంలా కొవ్వు ఉంటుంది. మందు ఎక్కువగా ఆ సందుల్లోంచే కొంచెం కొంచెంగా లోపలికి ఇంకాలి. ఫంగసు కాపురం పెట్టింది కూడా ఆ పొరలోనే. మందంగా పూస్తే తొందరగా దిగదు, మిగిలింది బట్టలకు అంటుకుపోతుంది. మధ్యలో పౌడరు పెడితే ముందు పౌడరే తాగేస్తుంది. పైగా ఫంగసు కంటికి కనపడకుండా అంచు దాటి పాకి ఉంటుంది కాబట్టి చుట్టూ ఇంకాస్త మేర రాయాలి.

ఆయన చాలాసేపు ట్యూబును అటూ ఇటూ తిప్పి, “అయితే ఇది గోడకు రంగెయ్యడం కాదు, తలుపు చెక్కకు నూనె పట్టించడం. ఆ మాట మొదటే చెప్పొచ్చుగా,” అన్నారు. తప్పు నాదే అయింది.

ఆ రోజు నుంచి చెయ్యి పొడిగా తుడుచుకుని, వేలి కొసంత మందు తీసుకుని, ఇంకేదాకా మెల్లగా రుద్దేవారు. నేను ముందుజాగ్రత్తగా పౌడరు డబ్బాను దుప్పట్ల కింద దాచాను. పన్నెండో రోజుకు మచ్చ కనపడలేదు. అయినా మచ్చ పోయాక ఇంకో రెండు వారాలు రాయాలని డాక్టరుగారి మాట.

ఆ సాయంత్రం ఆయన చెయ్యి చూసి అమ్మాయి మనసు కరిగింది. “బాగానే ఉందిగా నాన్నా. ఎత్తుకో,” అంటూ పిల్లను అందించబోయింది.

ఎగిరి అందుకుంటారనుకున్నాను. వెనకనున్న చెయ్యి ముందుకు వచ్చింది కూడా. ఆయన దాన్ని ఓసారి చూసుకుని, మళ్లీ వెనక్కి పెట్టేసుకున్నారు.

“వద్దమ్మా. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల తడి ఉంటుంది. ఇలాంటి గోడలకు తొందరపడి రంగేసి ఎన్ని తిట్లు తిన్నానో నాకే తెలుసు.”

అమ్మాయి నా వైపు చూసింది. నేను ఉయ్యాల తాళ్లు సర్దుతున్నట్టు నటించాను.

ఆ రెండు వారాలూ ఆయన మందు రాసుకున్న ప్రతిసారీ వంటింటి గోడ మీద పెన్సిలుతో గీత గీశారు. ఎలాగూ రంగెయ్యాల్సిన గోడేగా అన్నారు. వచ్చే నెల.

ఇరవై ఎనిమిదో గీత గీసిన మర్నాడు డాక్టరుగారు చెయ్యి చూసి, ఇక చాలన్నారు. ఆసుపత్రి నుంచి నేరుగా అమ్మాయి ఇంటికే నడిచాం. ఈయన నడక నాకు అందలేదు. నేను చేరేసరికి గోడకు ఆనుకుని కూర్చున్నారు, ఒళ్లో పిల్ల. దాని తల సరిగ్గా ఆ మడతలోనే ఆనింది. తాత, మనవరాలు ఒకరినొకరు ఎస్టిమేటు వేసుకుంటున్నట్టు చూసుకున్నారు.

ఇంతలో ఆయన ఇస్త్రీ చొక్కా మీద తడి మెల్లగా పాకడం మొదలుపెట్టింది.

“తడిపేసింది, ఇలా ఇవ్వండి,” అన్నాను.

“ఆరనీ. తొందరేముంది,” అన్నారాయన, కదలకుండా.