సైదా ఏ దిక్కు?

నాకు తొందరెక్కువ. తెనాలి నుంచి కోదాడ డిగ్రీ కాలేజీకి చరిత్ర చెప్పడానికొచ్చి నెల కాలేదు, సూర్యాపేటలో జరిగే డిబేట్‌కి జట్లు కట్టేశాను. జెరూసలేం కోసం క్రైస్తవులు, ముస్లింలు రెండొందల ఏళ్లు ఎందుకు కొట్టుకున్నారన్నది అంశం. గోడకు చార్టు అంటించి, మధ్యలో గీత గీసి, క్రైస్తవుల తరఫున పూర్ణిమ పేరు, ముస్లింల తరఫున బి. సైదా పేరు రాశాను. సైదా లేచి ఏదో చెప్పబోయింది. "తర్వాత, తర్వాత" అని కూర్చోబెట్టాను. నా తొందర తగలెయ్య!

ఆ పిల్ల మూడు రోజులు రాలేదు. క్లాసులో అందరికన్నా బాగా మాట్లాడేది తనే. ఫోన్ చేస్తే ఎత్తదు. స్టాఫ్‌రూంలో కూర్చోలేను, నిలబడలేను. నాలుగో రోజు క్లాసుకి వచ్చింది, తండ్రితో. మఠంపల్లి దగ్గరి తండాలో ఉంటారట, ఆయన పేరు దీప్లా.

"మేము లంబాడోళ్లం మేడం. నా బిడ్డను సాయిబుల దిక్కు రాసిన్రట. మతం మారుస్తున్రని తండల ఒకటే లొల్లి. సదివింది సాలు, ఇగ టీసీ ఇయ్యిన్రి."

"మరి సైదా అని పేరు...?" అన్నాను.

"పిల్లలు కాకపోతె దీని తల్లి జాన్‌పహాడ్ దర్గాల మొక్కింది. ఇది పుట్టినంక గాడ కందూరు జేసినం. మేకను కోసి అందరికి అన్నం పెట్టినం. ఆ దర్గా సైదులు ఇచ్చిన బిడ్డ అని సైదమ్మ పేరు వెట్టినం, బడిల సైదా అని రాసిన్రు. మా దిక్కు ఏ ఊర్ల జూసినా ఓ సైదులు ఉంటడు. జర అడగొద్దా?"

అడగలేదు. పేరు చూశాను, గీతకు అటు తోసేశాను. తప్పయిపోయిందని చేతులు జోడించాను.

ఆయన చార్టు వైపు చూశాడు. "ఇంతకు వాళ్లెందుకు కొట్లాడిన్రు?"

పాఠం అప్పజెప్పాను. క్రైస్తవుల్లో కొందరు నిజంగా భక్తితోనే వెళ్లారు, యుద్ధానికెళ్తే పాపాలు పోతాయని వాళ్ల మతపెద్దలు చెప్పారు. కొందరు భూమి కోసం, కొందరు దోపిడీకి, వర్తకులు రేవుల కోసం. ముస్లింలలోనూ నేల కాపాడుకోవాలని కొందరు, రాజ్యం పెంచుకోవాలని కొందరు.

"మొక్కుకు పోయినోడు గాడ ఏదన్న పెట్టి వస్తడు గని, గుంజుకోని వస్తడా?" అన్నాడు దీప్లా.

గబగబా స్కెచ్ పెన్ను తీసి సైదా పేరు కొట్టేయబోయాను, పూర్ణిమ పక్కన రాద్దామని.

సైదా నా చెయ్యి పట్టుకుంది. "వద్దు మేడం. ఏ దిక్కైనా మాట్లాడతా, నాకేం గాదు. గని తండోళ్లేమో అన్నరని సాయిబుల దిక్కు ఉండనీకె భయపడి మారిస్తె, సైదులుకు మా అమ్మ మొక్కిన మొక్కు అబద్ధమైతది."

దీప్లా కూతురి తల నిమిరాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"గాడనే ఉండనియ్యిన్రి మేడం. తండల అడిగినోనికి నేను జెప్త."